ఒకే మోడల్ బంతులు రెండు, లేఅవుట్లు వేరు: లేన్ మీద తేడా ఎందుకు కనిపించడం లేదు?

ప్రశ్న: పదోబోర్డు

అందరికీ నమస్కారం. నేను టెన్‌పిన్ బౌలింగ్ ఆడే కుడిచేతి బౌలర్‌ని. బొటనవేలు కూడా బంతిలో ఉంచి మామూలు పద్ధతిలోనే వేస్తాను. నిమిషానికి దాదాపు 300 చుట్లు తిప్పుతాను, నా వేగం మధ్యస్థం. ఏడాది క్రితం ఒకే మోడల్ బంతులు రెండు తీసుకున్నాను. రెండూ 15 పౌండ్లవే, రెండింటిలోనూ సిమెట్రిక్ కోరే (లోపలి బరువు దిమ్మె), పైన ఉన్న రియాక్టివ్ కవర్‌స్టాక్ (పైపొర) కూడా ఒకటే. ఒకటి నూనె మీద నిటారుగా సాగిపోయి చివర్లో గట్టిగా మలుపు తిరగాలి, రెండోది ముందే పట్టు దొరకబుచ్చుకుని నిదానంగా వంగాలి అన్నది నా ఉద్దేశం. లేన్ మారినప్పుడల్లా కొత్త బంతికి అలవాటు పడనక్కరలేకుండా, తెలిసిన బంతితోనే రెండు రకాల ఆట ఆడుకోవచ్చని అనుకున్నాను.

అందుకని రంధ్రాల అమరిక (లేఅవుట్) మార్చి, మొదటి బంతిలో పిన్ ఉంగరపు వేలి రంధ్రాన్ని ఆనుకుని పైన ఉండేలా, రెండో దానిలో అదే రంధ్రానికి కింద ఉండేలా డ్రిల్ చేయించాను. ఇక్కడ పిన్ అంటే లేన్ చివర నిలబడే పిన్ను కాదు, లోపలి కోర్ తల ఎటు ఉందో చూపే రంగు చుక్క అని కొత్తవారి కోసం చెబుతున్నాను. పీఏపీ (బంతి తిరిగే అక్షం పైకి తేలే బిందువు) నుంచి పిన్‌కు రెండు బంతుల్లోనూ 4½ అంగుళాలు ఉన్నట్టు డ్రిల్ చేసినవారు చీటీ మీద రాసి ఇచ్చారు.

నేను ఆడేది లేన్ మీద 40 అడుగుల దాకా పూసిన మామూలు నూనె పరుపు మీద. ఇరవయ్యో బోర్డు (లేన్ పలక) దగ్గర నిలబడి, లేన్ మీది బాణాల్లో రెండోదాని మీదుగా ఏ బంతి వేసినా దాదాపు ఒకే చోట మలుపు తీసుకుని దాదాపు ఒకే కోణంలో జేబులోకి (ఒకటి, మూడు పిన్నుల మధ్య సందులోకి) వస్తోంది. పక్కన నిలబడి చూసే స్నేహితులు ఏ బంతి వేశానో రంగును బట్టి చెప్పగలుగుతున్నారు గానీ నడకను బట్టి చెప్పలేకపోతున్నారు. డ్రిల్ చేయడంలో పొరపాటు జరిగిందా? ఒక బంతి రంధ్రాలు పూడ్పించి మళ్లీ వేయించాలా? లేక లేఅవుట్ గురించి మనం చెప్పుకునేవన్నీ ఉత్త మాటలేనా?

జవాబు: డ్రిల్‌ప్రెస్

పదోబోర్డు గారూ, చాలా ఏళ్లుగా బంతులకు రంధ్రాలు వేస్తున్నవాడిని కాబట్టి ముందు ఒక మాట అడుగుతాను. ఆ చీటీలో ఉన్న 4½ అంగుళాలను మీ పీఏపీ నుంచి కొలిచారా, ఎవరో సగటు బౌలర్ పీఏపీ నుంచి కొలిచారా?

పీఏపీ అంటే బంతి చేతిని విడిచిన క్షణాన ఏ బిందువు చుట్టూ తిరుగుతోందో ఆ బిందువు. అది బంతి మీద ముద్రించి ఉండదు, అది బౌలర్ చేతిది. లేఅవుట్‌లోని ప్రతి కొలతా దాని నుంచే మొదలవుతుంది. బౌలర్ వేసే తీరు చూడకుండా, పట్టు మధ్యగీత వెంట కుడివైపు 5 అంగుళాలు, అక్కడి నుంచి అర అంగుళం పైకి అని ఒక అంకె అనుకుని పని కానిచ్చేయడం మా వృత్తిలో తరచూ జరిగేదే. అది చాలామందికి ఇంచుమించుగా సరిపోతుంది కూడా, తప్పిన చోట మాత్రం మొత్తం లెక్క తారుమారవుతుంది.

ఆ దూరానికి అంత ప్రాధాన్యం ఎందుకో చెబుతాను. బంతి చుట్టుకొలత సుమారు 27 అంగుళాలు, అందులో పావు వంతు 6¾. పిన్ సరిగ్గా పీఏపీ మీదే ఉంటే కోర్ తన నిలువు అక్షం చుట్టూ తిన్నగా తిరుగుతుంది. పిన్ పీఏపీకి 6¾ అంగుళాల దూరంలో ఉంటే కోర్ పక్కకు పడుకుని తిరుగుతుంది. ఈ రెండు స్థితుల్లోనూ బంతి స్థిరంగానే ఉంటుంది కాబట్టి ఫ్లేర్ (చుట్టు చుట్టుకూ నూనె చార పక్కకు జరగడం) దాదాపు ఉండదు, నూనె చార ప్రతి చుట్టులోనూ అదే చోట పడుతుంది. రెండింటికీ నడుమ, అంటే 3⅜ అంగుళాల దగ్గర, కోర్ వాలుగా నిలబడి అస్థిరంగా ఉంటుంది, ఫ్లేర్ అక్కడే అత్యధికం. అసిమెట్రిక్ కోర్ అయితే ఆ గరిష్ఠ బిందువు ఇంకాస్త దగ్గరకు జరుగుతుంది గానీ మీ బంతులకు ఆ గొడవ లేదు.

ఫ్లేర్ వల్ల ఏమవుతుందో మీ బంతి మీదే చూడవచ్చు. లేన్ చివరికి చేరడానికి బంతికి రెండున్నర సెకన్లు పడుతుందనుకుంటే, నిమిషానికి 300 చుట్ల లెక్కన మీ బంతి పన్నెండు సార్లు తిరుగుతుంది. ఫ్లేర్ ఉన్న బంతి తిరిగి వచ్చాక వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే వాటిలో నూనె మీద తిరిగిన చుట్లకు వేర్వేరు నూనె గీతలు కనిపిస్తాయి. అవి రెండు చోట్ల ఒకదాన్నొకటి దాటుకుంటూ మధ్యలో విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. ప్రతి చుట్టులోనూ నూనె అంటని పొడి భాగం లేన్‌ను తాకుతుంది కాబట్టే రాపిడి పెరిగి బంతి మలుపు తిరుగుతుంది.

పీఏపీ కొలవడానికి పెద్ద సరంజామా అక్కరలేదు. ఫ్లేర్ దాదాపు లేని ప్లాస్టిక్ స్పేర్ బంతి (మొదటి విసురుకు మిగిలిన పిన్నుల కోసం వాడేది) తీసుకుని, స్పేర్ కోసం చేయి చదును చేసి వేసే అలవాటు ఉంటే దాన్ని పక్కన పెట్టి, మీ మామూలు స్ట్రైక్ విసురే విసరండి. బంతి మీద ఒక్కటే నూనె వలయం పడుతుంది. ఆ వలయం మీది ప్రతి బిందువుకూ సమదూరంలో, వేళ్ల రంధ్రాలకు కుడిపక్కన ఉండే బిందువే మీ పీఏపీ. అక్కడ చిన్న తెల్లటి టేపు ముక్క అంటించి మళ్లీ విసిరి, ఎవరిచేతనైనా ఫోన్‌లో స్లో మోషన్‌లో తీయించండి. టేపు ఉన్నచోటే నిలకడగా ఉంటే లెక్క సరిపోయినట్టు, అది చిన్న సున్నాలు చుడుతూ ఉంటే దాన్ని ఆ సున్నా నడిమికి జరిపి మళ్లీ చూడాలి.

జవాబు: సానబట్ట

డ్రిల్‌ప్రెస్ గారి మాటలో తప్పు లేదు, కానీ ఇంత దూరం వెళ్లకముందే తేలిపోయే సంగతి ఒకటి ఉంది. ఆ రెండు బంతుల పైపొర ఇప్పుడు ఏ స్థితిలో ఉంది? ఏడాదిగా ఆడుతున్నానంటున్నారు, ఈ మధ్యలో ఎన్నిసార్లు సాన పట్టించారో రాయలేదు. కర్మాగారం నుంచి 2000 గ్రిట్‌తో (ఈ అంకె పెరిగే కొద్దీ నునుపు) వచ్చిన బంతి కొన్ని పదుల ఆటలయ్యేసరికి లేన్ రాపిడికే నునుపెక్కుతుంది. రెండు బంతులూ సమానంగా ఆడి ఉంటే రెండూ ఒకే నునుపుకు వచ్చి కూర్చుంటాయి. పైపొర ఒకటే అయినప్పుడు నడక ఒకటిగా ఉండటంలో వింతేమీ లేదు.

బంతి కదలికను శాసించే అంశాలపై అమెరికా బౌలింగ్ సంఘం యూఎస్‌బీసీ చేసిన అధ్యయనంలోనూ పైపొర గరుకుదనమే ముందు వరుసలో నిలిచింది. కోర్ సంగతులు దాని తరువాతే. మనం మాత్రం గంటల తరబడి లేఅవుట్ కోణాల గురించి వాదించుకుని, రెండు నిమిషాల్లో అయిపోయే సాన పని మరిచిపోతాము. నా మటుకు నేను అన్ని బంతులకూ ఒకే లేఅవుట్ వేయించుకుంటాను, తేడా అంతా సాన ప్యాడ్లతోనే తెచ్చుకుంటాను.

ఇంకొకటి, 40 అడుగుల మామూలు పరుపులో నడుమ నూనె దట్టంగా, అంచుల్లో పలచగా ఉంటుంది. నడుమ పడిన బంతిని నూనె నిలబెడుతుంది, బయటికి పోయిన బంతిని పొడి అంచు లోపలికి లాగేస్తుంది. అలాంటి లేన్ సన్నని తేడాలను మింగేస్తుంది. లేన్ అడ్డంగా నూనె కాస్త సమంగా ఉండే పోటీ పరుపు మీద వేసి చూడనిదే మీ రెండు బంతులూ ఒకటేనని తీర్పు చెప్పలేము.

జవాబు: జడత్వం

సానబట్ట గారు పైపొరకు ఇచ్చిన పెద్దపీట న్యాయమే, కానీ లేఅవుట్‌ను అంత తేలిగ్గా తీసేయలేము. పిన్‌ను పీఏపీ మీదే పెట్టిన బంతినీ 3⅜ దగ్గర పెట్టిన బంతినీ ఒకే గ్రిట్‌తో సాన పట్టి పక్కపక్కన వేస్తే చిన్నపిల్లలు కూడా తేడా చెబుతారు. అసలు ఇక్కడ తేడా కనిపించకపోవడానికి కారణం ప్రశ్నలోనే ఉందని నాకు అనిపిస్తోంది: రెండు బంతుల్లోనూ పీఏపీ నుంచి పిన్ దూరం 4½ అంగుళాలే. ఫ్లేర్‌ను ప్రధానంగా నిర్ణయించే కొలతను మార్చకుండా, దాని తరువాతి స్థానంలో ఉండే పిన్ ఎత్తును మాత్రమే మార్చారు.

పిన్ పైన ఉండటానికీ కింద ఉండటానికీ తేడా ఎక్కడి నుంచి వస్తుందో చాలా చోట్ల మంత్రంలా వల్లించడమే తప్ప వివరంగా చెప్పరు, కాబట్టి ఓపిక ఉన్నవారి కోసం రాస్తున్నాను. రంధ్రం వేయడమంటే బంతిలోంచి కొంత బరువు తీసేయడం. ఒక అక్షం మీదే రంధ్రం వేస్తే ఆ అక్షం చుట్టూ ఉండే జడత్వ భ్రామకం (తిప్పడానికి ఎదురయ్యే మొండితనం) దాదాపు తగ్గదు, దానికి అడ్డంగా ఉన్న అక్షాల చుట్టూ ఉండేది తగ్గుతుంది. పిన్ ఉన్న అక్షం అన్నిటికన్నా తక్కువ ఆర్‌జీ (బరువు అక్షానికి ఎంత దూరంగా పరుచుకుని ఉందో చెప్పే కొలత) ఉన్నది, దానికి లంబంగా ఉన్నది ఎక్కువ ఆర్‌జీ ఉన్నది, ఆ రెండింటి తేడానే డిఫరెన్షియల్ అంటాము, ఫ్లేర్‌కు ఇంధనం అదే. కాబట్టి పిన్‌కు దగ్గరలో బరువు తీస్తే ఎక్కువగా ఉన్నది తగ్గి డిఫరెన్షియల్ కుంచించుకుపోతుంది. పిన్‌కు దూరంగా తీస్తే తక్కువగా ఉన్నదే ఇంకా తగ్గి డిఫరెన్షియల్ పెరుగుతుంది. సూటి లెక్కలో ఈ రెండింటికీ సరిహద్దు మళ్లీ ఆ 3⅜ అంగుళాల దగ్గరే వస్తుంది.

ఇప్పుడు మీ బంతులకు వద్దాము. పిన్ వేళ్లకు పైన ఉన్న బంతిలో బొటనవేలి రంధ్రం పిన్‌కు నాలుగున్నర అంగుళాలకు పైగా దూరంలో పడుతుంది, అంటే సరిహద్దు దాటి, డిఫరెన్షియల్‌ను పెంచే వైపు. పిన్ కింద ఉన్న బంతిలో పిన్ పట్టు లోపలికి వచ్చేస్తుంది కాబట్టి వేళ్ల రంధ్రాలూ బొటనవేలి రంధ్రమూ మూడూ సరిహద్దుకు ఇవతలే పడి డిఫరెన్షియల్‌ను కొరికేస్తాయి. మూడింటిలో వెడల్పైనది బొటనవేలి రంధ్రమే కాబట్టి దాని స్థానం లెక్కలోకి వస్తుంది. పిన్ పైకి ఉన్న బంతి ఫ్లేర్ కాస్త ఎక్కువై పొడి భాగం తగలగానే చురుగ్గా తిరగడం, పిన్ కిందికి ఉన్నది మెత్తగా వంగడం ఈ కొరుకుడు వల్లనే. పట్టు మధ్యలోనే పిన్‌ను పెట్టే రికో లేఅవుట్‌ను అదుపు కోసం వాడటంలో ఉన్న రహస్యమూ ఇదే.

బంతుల రూపకర్త మో పినెల్ రూపొందించిన డ్యుయల్ యాంగిల్ పద్ధతిలో ఈ పిన్ ఎత్తునే కోణంగా కొలుస్తారు. పీఏపీ మీదుగా పోయే నిలువు గీతకూ పీఏపీ నుంచి పిన్‌కు పోయే గీతకూ మధ్య కోణం చిన్నదైతే బంతి రాపిడికి త్వరగా స్పందిస్తుంది, పెద్దదైతే నింపాదిగా స్పందిస్తుంది. ఆ పద్ధతిలోని మిగతా అంకె అయిన డ్రిల్లింగ్ కోణం అసిమెట్రిక్ బంతుల్లోనే ఎక్కువగా పనిచేస్తుంది కనుక దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను.

ఇవన్నీ నిజమైన తేడాలే, కానీ పెద్దవి కావు. ఆర్‌జీ 2.46 నుంచి 2.80 అంగుళాల మధ్య ఉండాలనీ డిఫరెన్షియల్ 0.060 దాటకూడదనీ యూఎస్‌బీసీ నిబంధన ఉంది. ఆ ఇరుకు గదిలో ఒక రంధ్రం తెచ్చే మార్పు ఎంతో ఊహించుకోండి. పైగా సానబట్ట గారు చెప్పినట్టు నునుపెక్కిన పైపొర దాని మీద దుప్పటి కప్పేస్తుంది.

పదోబోర్డు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. డ్రిల్‌ప్రెస్ గారు చెప్పినట్టే ప్లాస్టిక్ బంతితో కొలిచాను. మొదటి రెండుసార్లు టేపు ముక్క సున్నాలు చుట్టింది, మూడోసారి జరిపాక కదలకుండా నిలబడింది. చూస్తే నా పీఏపీ కుడివైపు 4¼ అంగుళాలు, పైకి 1¼ అంగుళాలు అని తేలింది. చీటీ తిప్పి చూస్తే వెనక వైపు 5, ½ అని ఉంది. అంటే నన్ను కొలవకుండానే వేశారన్నమాట.

పైపొర సంగతి ఒప్పుకోవాలి. కొన్నప్పటి నుంచి తుడవడం తప్ప ప్యాడ్ ముట్టుకోలేదు, రెండూ అద్దాల్లా ఉన్నాయి. ఒక సందేహం: పక్కన నాలుగో రంధ్రం వేసి ఫ్లేర్ పెంచడమో తగ్గించడమో చేయవచ్చని ఒక పెద్దాయన అన్నారు. పూడ్చి మళ్లీ వేయించడం కన్నా అది చవక కదా?

జవాబు: డ్రిల్‌ప్రెస్

నాలుగో రంధ్రం సంగతి ముందు తేల్చేస్తాను. 2020 ఆగస్టు 1 నుంచి యూఎస్‌బీసీ గుర్తింపు ఉన్న ఆటల్లో బ్యాలెన్స్ రంధ్రాలకు తావు లేదు, పట్టు కోసం వేలు పెట్టని రంధ్రం బంతిలో ఉండకూడదు. దానికి బదులుగా 10 పౌండ్లకు పైబడిన బంతుల్లో పైకీ కిందికీ, పక్కలకూ ఉండే బరువు తేడాను 3 ఔన్సుల వరకు అనుమతించారు. ఆ పెద్దాయన చెప్పింది పాత కాలపు వైద్యం, అప్పట్లో అది బాగానే పనిచేసింది.

ఇక మీ కొలతలు. చీటీలోని పీఏపీ ప్రకారం ఆ రెండు పిన్లూ ఎక్కడ పడి ఉంటాయో గోళం మీద వెనక్కి లెక్క కట్టి, వాటిని మీ అసలు పీఏపీ నుంచి కొలిచి చూశాను. పిన్ పైన ఉన్న బంతిలో దూరం దాదాపు 3½ అంగుళాలకు, పిన్ కింద ఉన్న బంతిలో 3¾కు కొంచెం లోపుకు దిగిపోయింది. అంటే రెండు బంతులూ అత్యధిక ఫ్లేర్ ఇచ్చే 3⅜ పక్కనే వచ్చి కూర్చున్నాయి. నూనె మీద నిటారుగా సాగిపోవాలని మీరు కోరుకున్న బంతి నిజానికి మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా ఎక్కువ ఫ్లేర్ అవుతున్నదై ఉంటుంది. నమ్మకం కుదరకపోతే రెండింటి నూనె గీతల విసనకర్ర వెడల్పును టేపుతో కొలిచి చూడండి.

అలాగని జడత్వం గారి మాట మరవకూడదు. నిజంగానే 4½ దగ్గర పడి ఉన్నా మీరు అనుకున్నంత తేడా వచ్చేది కాదు. ఫ్లేర్ గరిష్ఠ స్థానం నుంచి అటూ ఇటూ మొదట చాలా నెమ్మదిగా తగ్గుతుంది, 4½ దగ్గర కూడా అందులో ఎనభై ఐదు శాతానికి పైనే మిగిలి ఉంటుంది. 5¼ దగ్గరకు పోతేనే మూడింట రెండు వంతులకు దిగుతుంది. నా దగ్గరికి వచ్చి ఉంటే రెండు బంతుల మధ్య పిన్ దూరంలోనే ఒకటిన్నర అంగుళాలకు తక్కువ కాకుండా ఎడం పెట్టి ఉండేవాణ్ణి, పిన్ ఎత్తును దాని తరువాత చూసేవాణ్ణి.

మళ్లీ వేయించేటట్టయితే పిన్ పైన ఉన్న బంతికే వేయించండి. మీ అసలు పీఏపీ నుంచి 5¼ అంగుళాలు పెడితే పిన్ మధ్యవేలిని కూడా దాటి పట్టు మధ్యరేఖకు ఎడమగా ఒకటిన్నర అంగుళం దాకా పోతుంది. ఒక్క రంధ్రం సవరిస్తే కుదరదు, మూడూ పూడ్చి పట్టు మొత్తాన్నీ జరపాలి. పాత రంధ్రాల అంచులు కొత్తవాటిలోకి చొచ్చుకొస్తాయి, కోర్‌లో పోయిన ముక్క తిరిగి రాదు, పూడ్చే పదార్థం సాంద్రత కూడా కోర్‌తో కలవదు. అందుకే పూడ్చిన బంతి కొత్తబంతిలా నడుస్తుందని నేను ఎవరికీ మాట ఇవ్వను. ముందు ప్యాడ్లతో ప్రయత్నించమని చెబుతాను, ఈ విషయంలో సానబట్ట గారిదే గెలుపు.

జవాబు: సానబట్ట

గెలుపోటముల మాట అటుంచి పని చెబుతాను. పిన్ కింద ఉన్న బంతిని నీళ్లతో తడిపిన 1000 ప్యాడ్‌తో, నాలుగు వైపులా తిప్పి సమానంగా పట్టండి. ఒక వైపే రుద్దితే గీతలు ఒకే దిక్కుకు పడతాయి. పిన్ పైన ఉన్నదానికి 4000 పట్టి ఆపైన పాలిష్ చేయండి. రెండింటినీ సాన పట్టకముందే లోపల పీల్చుకున్న నూనె తీయించడం మరవకండి, ఏడాది నూనె తాగిన బంతి మీద ఏ గ్రిట్ అయినా కొద్ది ఆటలకే చల్లబడుతుంది.

పదోబోర్డు

రెండు వారాల తరువాత రాస్తున్నాను. ముందు విసనకర్రలు కొలిచాను. పిన్ పైన ఉన్న బంతి గీతలే వెడల్పుగా ఉన్నాయి, కానీ రెండింటికీ తేడా వేలెడు కూడా లేదు. తరువాత నూనె తీయించి, చెప్పిన గ్రిట్లే పట్టాను.

1000 పట్టిన బంతి ఇప్పుడు బాణాలు దాటిన కాసేపటికే దొర్లడం మొదలుపెడుతోంది. అదే చోట నిలబడి వేస్తే ముందే వంగి హెడ్ పిన్‌కు ఎడమవైపు పోతోంది, అందుకని పాదాలు మూడు బోర్డులు ఎడమకు జరపవలసి వచ్చింది. పాలిష్ చేసినది పాత గీత మీదే పోయి ఆఖర్లో తిరుగుతోంది. మొదటి ఆటలో గరుకు బంతి వాడి, లేన్ ఎండే కొద్దీ మూడో ఆటకు నునుపు బంతికి మారుతున్నాను. నాకు కావలసింది చాలావరకు ఇదే. పూడ్పించే ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాను. డ్రిల్ చేసినవారి దగ్గరికి వెళ్లి నా కార్డు మీద 5, ½ కొట్టేసి 4¼, 1¼ అని రాయించి వచ్చాను.